క్యాసెట్ల నా గొంతు

ఎనభైల మొదట్ల నేను హనుమకొండల ఒక ఆడపిల్లల హైస్కూల్ల ఇంగ్లీషు టీచర్‌గా చేరిన. మాది వరంగల్ బజార్ల బట్టల దుకాణం. మా ఇంట్ల నుంచి బయట నౌకరికి పోయిన మొదటి ఆడపిల్లను నేనే. పొద్దున బస్సు దిగి బడి గేటు దాకా నడుస్తుంటే రోజూ భయమయ్యేది. పిల్లలంటే భయం కాదు, నేనేమన్న తప్పు చేస్తనేమో అని. నౌకరి ఇంకా పర్మనెంట్ కాలేదు.

ఆ ఏడే మా బడికి ఒక టేప్ రికార్డర్, రెండు క్యాసెట్లు వచ్చినయి. ఒక క్యాసెట్ల ఎనిమిదో తరగతి పాఠాలు, ఎవరో ఇంగ్లండ్ ఆయన చదివినవి. రెండోది ఖాళీది. పిల్లలకు అసలు ఉచ్చారణ వినిపియ్యాలని పైనుంచి ఆర్డరు. హెడ్‌మిస్ట్రెస్ మేడం ఆ మిషన్‌ను తన రూముల బీరువాల పెట్టి, మీద తువ్వాల కప్పి, తాళంచెవి కొంగుకు కట్టుకున్నది. మొదటిసారి నా చేతికిచ్చినప్పుడు, "ఇది సర్కారు సామాను. ఏమన్న అయితే నువ్వే జవాబు చెప్పుకోవాలె" అన్నది.

నేను అప్పటిదాకా రేడియో తప్ప ఇంకో మిషన్ ముట్టినదాన్ని కాదు. పది రోజులు ఆ ఇంగ్లండ్ ఆయన పాఠాలే పెట్టిన. పిల్లలు నోరు తెరుచుకొని చూసేవాళ్లు, ఒక్క ముక్క చెప్పేవాళ్లు కాదు. నేను చదివితే ఎట్లుంటదో ఒకసారి విందామనిపించింది. ఒకనాడు బడి విడిచినంక క్లాసు తలుపు దగ్గరేసి, ఖాళీ క్యాసెట్ అనుకొని ఒకటి పెట్టి, ఎర్ర బటన్ నొక్కి, మొదటి పాఠం చదివిన. రైల్వే స్టేషన్ల ఇద్దరు మాట్లాడుకునే పాఠం అది. సగం పాఠం, రెండు పేజీలు చదివి, వెనక్కి తిప్పి విన్న.

సన్నటి గొంతు, ఎవరిదో అన్నట్టున్నది. సిగ్గయింది. పాఠం సగానికి రాంగనే నా గొంతు ఆగి, టక్కుమని చప్పుడయి, ఆ ఇంగ్లండ్ ఆయన గొంతు వచ్చింది. ఒక వాక్యం నడుమ నుంచి.

రెండు క్యాసెట్లూ ఒక్క తీరుగనే ఉండె. నేను పెట్టింది పాఠాల క్యాసెట్టు. ఆయన చదివిన ముందర సగం చెరిగిపోయింది. వెనక్కి తిప్పిన, ముందుకు తిప్పిన, బోర్లేసి రెండో దిక్కు గూడ విన్న. ఎక్కడా లేదు. క్యాసెట్ వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క ముందే విరగ్గొట్టి పెడితే చెరగదని చాన రోజుల తర్వాత ఎవరో చెప్పిండ్రు.

మిషన్ తిరిగి ఇచ్చేటప్పుడు మేడం, అంతా మంచిగనే నడుస్తాందా అని అడిగింది. నడుస్తాంది మేడం అన్న. ఆ అబద్ధం చెప్పినంక భయం రెండింతలయింది. ఆ తర్వాత కరెంటు సరిగ్గ లేదని చెప్పి మిషన్ ముట్టనేలేదు. అటెండర్ చిట్టీ పట్టుకొని క్లాసు దిక్కు వస్తే చాలు, నా చేతిల చాక్‌పీసు విరిగిపోయేది. ఇంట్ల అన్నం సయించకపోయేది. జ్వరమేమో, దవాఖానకు పోదామని అమ్మ వెంటపడ్డది. ఆమెకు గూడ చెప్పలేదు.

రెండు వారాలకు బడులను చూసే ఇన్‌స్పెక్టర్ సార్ వస్తున్నడని కబురొచ్చింది. టేప్ రికార్డర్ పాఠమే చూస్తడట.

ఆయన వచ్చి వెనక బెంచీల కూర్చున్నడు, పక్కన మేడం. మొదటి పాఠమే పెట్టుమన్నడు. బటన్ నొక్కిన. నా గొంతు మొదలయింది. నేను గోడ దిక్కు చూసుకుంట నిలబడ్డ. సగంల టక్కుమన్నది, ఇంగ్లండ్ ఆయన అందుకున్నడు. మేడం మొఖం చూసే ధైర్యం నాకు లేదు.

పాఠం అయిపోయినంక సార్ పిల్లలను ప్రశ్నలడిగిండు. ముందర సగానికి చేతులు లేచినయి. వెనక సగానికి ఒక్కటి లేవలేదు. తొర్రూరు దిక్కు నుంచి వచ్చి హాస్టల్ల ఉండే ఒక పిల్లను లేపి, ఇదెందుకు చెప్తలేవు అని అడిగిండు.

"మొదటి ఆమె నిమ్మళంగ మాట్లాడింది సార్. ఆయన మాటలు ఉరుకుతానయి, నాకు అందుతలేవు" అన్నది ఆ పిల్ల.

"ఆ మొదటి ఆమె ఎవరు?"

ఆ పిల్ల నా దిక్కు చూసి, సంబురంగ చెప్పింది. "మా టీచరే సార్."

సార్ పిల్లలను బయటికి పంపిండు. నేను అంతా చెప్పిన. చెప్తుంటే ఏడుపొచ్చింది. మరి ముందే ఎందుకు చెప్పలేదని అడిగిండు. భయమైంది సార్ అన్న.

"చెరిపినందుకు నిన్నేమనను" అన్నడాయన. "దాచినందుకు మాత్రం రాస్త."

రాసిండు. పది రోజులకు మెమో వచ్చింది. జవాబు రాసేటప్పుడు మూడు కాయితాలు చింపిన. నౌకరి పోతదనే అనుకున్న. పోలేదు గని పర్మనెంట్ కావుడు ఒక ఏడు వెనక్కి పోయింది. మేడం దసరా సెలవుల దాకా నాతోటి అవసరమున్న మాట తప్ప మాట్లాడలేదు.

మెమో కింద సార్ ఇంకో ముక్క గూడ రాసిండు. మిగిలిన పాఠాలన్నీ ఖాళీ క్యాసెట్ల టీచర్ నిమ్మళంగ చదివి పెట్టాలె, పిల్లలకు ముందు అది వినిపించి, తర్వాతనే ఇంగ్లండ్ ఆయనది వినిపియ్యాలె అని. ఆ పాఠాలు రికార్డు చేసినన్ని రోజులు నాకు చెమటలే పట్టినయి. రెండు క్యాసెట్ల మీద పేర్లు రాసి, బటన్ నొక్కే ముందు మేడంను పిలిచి చూపిచ్చేదాన్ని. ఆమె చూసి పోయేది. సంక్రాంతి దాటినంక ఒకనాడు పోలేదు. కుర్చీ జరుపుకొని కూర్చొని, పాఠంల రెండో మనిషి మాటలు తను చదువుత అన్నది. ఎర్ర బటన్ నొక్కినంక ఆమె గూడ నా తీరుగనే భయం భయంగ చదివింది.