వీధిలో పరిచిన పెంకులు

మా అత్త ఇన్సూరెన్సు కట్టడానికి కారణం నేనేనని వీధంతా అనేది. అందులో సగం నిజం. తిరువళ్లూరులో మా అన్న ఒక జవుళి కొట్లో లెక్కలు రాస్తూ, తీరిక వేళల్లో మద్రాసు కంపెనీ ఒకదానికి ఏజెంటుగా తిరిగేవాడు. నా పెళ్లయిన ఏడాదే నన్ను చూడ్డానికి మా అత్తవారి ఊరు వచ్చాడు. మా ఊరు తిరుత్తణి దాటి కే.జీ.కండిగై వెళ్లే దోవలో ఉండేది. భోంచేసి తాంబూలం వేసుకునే లోపలే మా మగ్గాల కొట్టానికి అగ్గికీ గాలివానకూ కలిపి పాలసీ రాయించేశాడు. నూలు అప్పిచ్చే మద్రాసు షావుకారు కూడా అదే అడుగుతున్నాడని అత్త సరేనంది. అందరి కోడళ్లూ పుట్టింటి నుంచి సారె తెస్తే మా కోడలు ఏజెంటును తెచ్చిందని చిన్నమామ, అంటే అత్తగారి మరిది, కనిపించిన వాళ్లందరికీ చెప్పి నవ్వించేవాడు. నాకు ఒళ్లు మండేది. కొత్త కోడల్ని గనక మూతి బిగించుకుని ఊరుకునేదాన్ని.

నా పుట్టిల్లు మద్రాసు రాష్ట్రంలో, అత్తిల్లు ఆంధ్రలో ఉన్న రోజులవి. రెండు చోట్లా మనుషులు మాట్లాడేవి అవే రెండు భాషలు, తిట్టుకునేవీ అవే తిట్లు. కాబట్టి ఆ తేడా నాకు రైలు టిక్కెట్టు కొనేటప్పుడు కూడా గుర్తొచ్చేది కాదు.

అత్తకు ఆ కొట్టమంటే ప్రాణం. మామగారు బతికుండగా రైల్లో మంగుళూరు పెంకులు తెప్పించి దానికి కప్పు వేయించారు. వీధిలో మిగతావన్నీ నాటు పెంకుల ఇళ్లు, కాదంటే తాటాకు. మా పెంకును వెనక్కి తిప్పితే చేప ముద్ర కనిపించేది. ఆయన పోయాక అత్త తానే ఒక మగ్గంలో దిగింది. ఇంకో మగ్గం మా ఆయనది. మిగతా రెండింటికీ మనుషుల్ని పెట్టుకుని ఎవరికీ చెయ్యి చాచకుండా నడిపింది. చిన్నమామకు వీధి చివర పెద్ద షెడ్డు ఉండేది. మగ్గాలు తెచ్చి తన దగ్గర వేసుకుంటే కూలి ఇస్తానని ఆయన ఏటా అడిగేవాడు. సొంత మగ్గం మీద కూలికి నేయడం తనవల్ల కాదని అత్త ఏటా చెప్పేది.

దీపావళి దాటాక ఆ గాలివాన వచ్చింది. పట్టపగలే చీకటి పడింది. మేము మగ్గాల మీది పడుగు నూలు చుట్టి ఇంట్లోకి మోసుకొస్తుంటే వెనక కొట్టం కప్పు ఒక వైపు వాలు మొత్తం పెళపెళమంటూ జారిపోయింది. మగ్గం గుంటలు బావుల్లా నిండాయి. అత్త ఏడవలేదు. వాకిట్లో నిలబడి, వాన తగ్గేదాకా కప్పు లేని ఆ వైపే చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత మేము చేసిన పని నేతవాళ్లు తప్ప ఎవరూ చేయరు. మా వీధిలో పొద్దున్నే పడుగులు బారుగా సాగదీసి గంజి పెట్టాలి. పడుగుకు అటూ ఇటూ మనుషులు కుంచెలు పట్టుకుని నడుస్తారు. వీధి బురదగా ఉంటే కాలెత్తి వేసినప్పుడల్లా ఆ చిందులు నూలు మీద పడతాయి. ఒక ఇంటి పడుగు ఆగితే వరసలో వెనకున్న ఇళ్లన్నీ ఆగాల్సిందే. పైగా పగిలింది ఇంట్లో ఉండగా దీపం పెట్టడం అత్తకు నచ్చదు. అందుకని వాన వెలిసిన పూటే ఆడవాళ్లమంతా గంపలెత్తుకుని, పగిలిన పెంకులన్నీ వీధిలో పోసి, కాళ్లతో తొక్కి చదును చేశాం. మరునాటికి వీధి అంచు నుంచి అంచుకు ఎర్రగా, గట్టిగా తయారైంది. పడుగులు చాపుకుని అందరూ అత్తను మెచ్చుకున్నారు. నేనైతే మరీ సంబరపడ్డాను.

కబురందుకుని వచ్చిన మా అన్న ఖాళీ వాకిలి చూసి అక్కడే కూలబడ్డాడు. నష్టం లెక్కగట్టే కంపెనీ సర్వేయరు వచ్చి చూసేదాకా ఒక్క ముక్క కూడా కదిలించకూడదట.

"ఎవురు తీయమన్నారు అత్తా వాటిని?" అన్నాడు.

"పగిలిన కుండనే ఇంట్లో ఉంచుకోము. పగిలిన కప్పును ఉంచుకుంటామా?" అంది అత్త.

సర్వేయరు వచ్చేదాకా తాటాకులు కప్పి రోజులు నెట్టాం. వాన పడినప్పుడల్లా అవి జల్లెడలా నీళ్లు దించేవి. మగ్గం ఆడిన పూటల కంటే ఆగిన పూటలే ఎక్కువ. తై నెల, అంటే సంక్రాంతి నెల పెళ్లిళ్లకు చీరలు అందకపోతే నూలు వెనక్కి తీసుకుంటానని షావుకారు చెప్పి పంపాడు. చిన్నమామ మళ్లీ వచ్చి తిన్నె మీద కూర్చున్నాడు.

"వదినా, సర్వేయరూ రాడు, కంపెనీ దుడ్డూ రాదు. మగ్గాలు నా షెడ్డుకు తెచ్చేయ్. నా ఇంటి మనిషికి కూలి తక్కువ ఇస్తానా?" అన్నాడు.

ఈసారి అత్త కాదనలేదు. చూద్దాంలే అంది. ఆ మాట విన్నప్పుడు నాకు గాలివాన నాటి కంటే ఎక్కువ భయం వేసింది. కప్పు వేయించాలంటే కంపెనీ ఇవ్వాలి, ఇవ్వకపోతే అత్త తల వంచుకుని వీధి చివరికి పోవాలి. నా పుట్టింటివాడు రాయించిన పాలసీ అక్కరకు రాకుండా పోతే నేను ఆ ఇంట్లో ఏ మొహం పెట్టుకుని తిరగాలి?

చివరికి సర్వేయరు వచ్చాడు. తల మీద టోపీ, చేతిలో తోలు సంచి, కాళ్లకు అద్దంలా మెరిసే బూట్లు. జట్కాను వీధి మొదట్లోనే ఆపించి టకటకా నడుచుకుంటూ వచ్చాడు. వెనకాలే మా అన్న. చిన్నమామ అప్పటికే తిన్నె మీద సర్దుకుని కూర్చుని ఉన్నాడు. సర్వేయరు కప్పు చూశాడు, వాసాలు చూశాడు, వాకిలంతా కలియజూసి అరవంలో అడిగాడు.

"ఒడంజ ఓడు ఎంగే?"

పగిలిన పెంకులు ఎక్కడని. ఆయన ఇంకాసేపు చూసి, కప్పు వాన పడగొట్టిందో, మీరే దింపి పెంకులు అమ్ముకున్నారో నాకెలా తెలియాలి అన్నాడు. అన్న నేల చూపులు చూశాడు. అత్త మొహం నల్లబడింది. ఆ మొహం చూశాక కొత్త కోడలి మర్యాద నాకు గుర్తు రాలేదు. అరవంలో మొదలుపెట్టి, కోపంలో తెలుగులోకి దిగిపోయాను.

"మీరు వాటి మీదనే నడిచి వచ్చినారయ్యా. మీ బూట్లు చూసుకోండి. ఇంత వానాకాలంలో మీకు బురద అంటలేదంటే మా కప్పు తొక్కుకుంటా వచ్చినందుకే గదా?"

ఆయన నిజంగానే వంగి బూట్లు చూసుకున్నాడు.

అత్త కొంగు నడుముకు చుట్టి, పార తీసుకుని వీధిలో దిగి తవ్వడం మొదలుపెట్టింది. నేను గంప పట్టాను. మిగతావాళ్లు గడపల్లో నిలబడి చూశారు. వీధి తవ్వేస్తే రేపు వాళ్ల పడుగులు ఎక్కడ చాపుకుంటారు? అయినా అందరికంటే ముందు గడ్డపారతో వచ్చింది ఎదురింటావిడ, ఇన్సూరెన్సు కోడలని నాకు పేరు పెట్టిన మనిషి. ఆమె రాగానే వీధి వీధంతా కదిలింది. తవ్వేవాళ్లు తవ్వుతుంటే, కడిగేవాళ్లు కడిగి చేప ముద్ర పైకి కనిపించేలా సర్వేయరు ముందు పేర్చారు. నాటు పెంకులకు ముద్ర ఉండదు. ఆ చేప ఆ వీధిలో మాది తప్ప ఎవరిదీ కాదు. కప్పు మీద మిగిలిన పెంకునొకటి దింపించి పక్కన పెట్టి చూసుకున్నాడాయన. కుప్ప నడుమెత్తు దాటాక ఇంక చాలమ్మా అన్నాడు.

"చాలదయ్యా. దింపి అమ్ముకున్నామంటివే. అన్నీ చూసి పో," అంది అత్త. పార ఆపలేదు.

ఆయన కుర్చీ వేయించుకుని, మజ్జిగ తాగుతూ చివరి ముక్క దాకా చూశాడు. చూడక చేసేదేమీ లేదు. ఆయన్ని ఎక్కించుకోవడానికి వీధిలోకి వచ్చిన జట్కా, పెంకులు తీసేసిన చోట ఇరుసు దాకా దిగబడింది. దాన్ని తోయడానికి మోకాళ్ల లోతు బురదలో భుజం పెట్టింది చిన్నమామే. నేను లోపలికి పోయి, తలుపు చాటున కడుపునిండా నవ్వుకున్నాను.

వెళ్లేముందు సర్వేయరు ఇంకో చిక్కు పెట్టాడు. కంపెనీ నష్టం కట్టిస్తే ఈ పగిలిన సరుకు కంపెనీదే అవుతుందట. అయితే ఇప్పుడే జట్కాలో వేసుకుని పొమ్మని అత్త గంప ఎత్తింది. ఆయన మొదటిసారి నవ్వాడు. పెంకులకు వెల లేదు, ఇక్కడే వదిలేయడమైనదని రాసుకుని బండెక్కాడు. మరునాడే వాటిని మళ్లీ వీధిలో పోసి తొక్కాం.

కంపెనీ మాట నిలబెట్టుకుంది. తిరుత్తణి స్టేషన్లో కొత్త పెంకులు దిగాయి. మేస్త్రి చివరి పెంకు సర్ది దిగుతుండగానే అత్త మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంది. తై నెలకు చీరలు మద్రాసు చేరాయి. మా అన్న ఆ వీధిలో ఇంకెన్నో పాలసీలు రాశాడు. మొదట రాయించుకున్నది ఎదురింటావిడ.

వేసవిలో ఒక సాయంత్రం పెద్ద వాన పట్టుకుంది. చిన్నమామ షెడ్డు కురుస్తోందని అరుపులు వినిపించాయి. కాసేపటికి ఆయనే నూలు మూట నెత్తిన పెట్టుకుని, గోనెపట్టా కప్పుకుని మా వాకిట్లోకి వచ్చాడు. కాళ్లు కడుక్కోవడానికి తొట్టి దగ్గర ఆగి, కాళ్లకు బురదే అంటలేదని చూసుకుని, గడపలో నిలబడ్డాడు. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు.

అత్త మగ్గం ఆపకుండానే తలెత్తింది. ఇన్నేళ్ల మాటలకు ఇప్పుడు వడ్డీతో సహా చెల్లిస్తుందని నేను పని ఆపి మరీ చూశాను.

"ఆ మూలన పెట్టుకోప్పా, తడవదు," అంది. "బాడుగ అనుకుంటా ఉండావేమో. నా ఇంటి మనిషి దగ్గర బాడుగ తీసుకుంటానా?"

చిన్నమామ మూట దించి, మా కప్పు కేసి చాలాసేపు చూశాడు. నేను లోపలికి పోయి ఆయనకు కాఫీ కలిపాను, చక్కెర ఒక చెంచా ఎక్కువే వేసి.