రేవును తిట్టే మామగారు

ఆమె మామగారికి ఉన్న జబ్బు ఒక్కటే, నోరు తెరిస్తే సొంత ఊరిని తిట్టడం. ఉద్యోగం చేసినంత కాలం రేవులోకి వచ్చే ఓడలకు దారి చూపించిన మనిషి, రిటైరయ్యాక వరండాలో కుర్చీ వేసుకుని ఆ ఊరి పరువు తీయడమే పనిగా పెట్టుకున్నాడు.

పొద్దున్నే టీ గ్లాసు అందుకుంటూ మొదలుపెట్టేవాడు. ఈ ఊరికి పునాది వేసిన పరదేశి వర్తకుడు అసలు బయలుదేరింది ఇంకో రేవుకట. గాలికి ఇటు కొట్టుకొచ్చి, నలుగురిలో నామోషీ అని, నేను వెతుకుతున్నది ఈ చోటే అని బొంకాడట.

"దారి తప్పినవాడు కట్టిన ఊళ్లో వీధులు తిన్నగా ఎలా ఉంటాయమ్మా?"

ఆ తర్వాత ఈ రేవు కోసం నాలుగు దేశాలవాళ్లు కొట్టుకు చచ్చారు. వాళ్లలో ఓడిపోయి వెళ్లినవాళ్లే తెలివైనవాళ్లని ఆయన తీర్పు. సముద్రమంటే పనీపాటా లేకుండా రోజంతా అరిచేది. గొళ్లెం తుప్పు పట్టినా, ఆయన కళ్లజోడు కనపడకపోయినా తప్పు ఊరిదే.

సముద్రం మొహం ఎరగని ఊరి నుంచి వచ్చిన కోడలికి మొదట్లో ఈ తిట్లు చెవికి ఇంపుగానే ఉండేవి. పోనుపోను ఊరి మీద జాలేసింది. సాయంత్రం గాలి బాగానే ఉంటుంది కదా అని ఓ మాట అంటే, చేపల కంపు మోయడానికి ఆ మాత్రం గాలి కావాలన్నాడు. ఆమెకు పట్టుదల వచ్చింది. రేవంతా తిరిగి చూసొచ్చి మరీ వాదించడం మొదలుపెట్టింది.

ఒక ఆదివారం ఆమె అన్నయ్య దిగాడు. పెళ్లయిన కొత్తలో ఆమె ఏడుస్తూ బతిమాలిన పనే చేసుకొచ్చాడు. వాళ్లాయనకు పుట్టింటి ఊరికి బదిలీ కుదిరింది, ఆమె ఊఁ అంటే చాలు. చెమటకు తడిసిన చొక్కా విదిలించుకుంటూ, ఇదీ ఒక ఊరేనా, మనుషులుండే చోటేనా అన్నాడు.

"మా ఊరిని ఏమీ అనకు అన్నయ్యా," అందామె.

మామగారు చటుక్కున పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అన్నయ్య తెల్లమొహం వేసుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

వంటింట్లో అత్తగారు నవ్వు ఆపుకోలేకపోయింది.

"నువ్వు రాకముందు ఈ ఊరిని ఎవరైనా పల్లెత్తు మాట అంటే, వాళ్లింట్లో మీ మామగారు మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదే. ఫోన్లో మీ అమ్మ దగ్గర నువ్వు ఏడవడం విన్నారు. కొత్త కోడలు పైకి తిట్టలేక లోపల్లోపలే కుమిలిపోతుంది, దాని వంతు కూడా నేనే తిడతానన్నారు. పొద్దున తిట్టడం, సాయంత్రం రేవుకెళ్లి ఏమనుకోకు అని దానికి చెప్పి రావడం."

ఆమెకు గుండె నిండిపోయింది. కళ్లు తుడుచుకుని వరండాలోకి వెళ్లింది.

"మామయ్యగారూ, ఇక మీరు తిట్టక్కర్లేదు. ఈ ఊరి గురించి మంచి మాటలు చెప్పండి, వింటాను."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. పొద్దు వాలింది, లైట్‌హౌస్ దీపం వెలిగింది. ఆయన చెప్పే కథలో ఆ వర్తకుడి ఓడ ఇంకా ఒడ్డుకు చేరలేదు, ఆయన తెరచాపల అందం దగ్గరే ఉన్నాడు. తిట్లే నయమేమో అనిపించింది కోడలికి.