కాటా మీద ఆల్బమ్

ప్రొద్దుటూరులో నాన్న నగల అంగట్లో సాయంగా కూర్చునే చందనకు ఆ ఐదుగురు కొరియా అమ్మాయిల పాటల బృందమంటే ప్రాణం. వాళ్ల ఆల్బమ్‌ల మీద నమ్మకం మాత్రం లేదు. పార్సిల్ వస్తే వెంటనే మురిసిపోదు. ముందు ఆల్బమ్‌ను బంగారం తూచే కాటా మీద పెడుతుంది. అట్ట మీది మెరుపు స్టిక్కరును గోటితో గీకుతుంది, లోపలి ఫోటో కార్డులను ట్యూబ్‌లైటుకు ఎత్తిపట్టి చూస్తుంది, పేజీల వాసన పీలుస్తుంది. పాటలనూ ఊరికే వదలదు. మొదటి ఆల్బమ్‌లో ఐదు గొంతులనూ కళ్లు మూసుకుని విడదీసి చెప్పగలదు. మూడోదానిలో అందరికంటే చిన్నమ్మాయికి బదులు ఇంకెవరో పాడారని ఆమె అనుమానం. అక్కడికి రాగానే కనుబొమలు ముడిచి, పాటను వెనక్కి తిప్పి మళ్లీ వింటుంది.

మొన్న చందన పుట్టినరోజుకు జమ్మలమడుగు నుంచి స్నేహితురాలు రాధిక కొత్త ఆల్బమ్ నేరుగా అంగడికే పట్టుకొచ్చింది. చందన థాంక్స్ అయినా చెప్పకుండా దాన్ని కాటా మీద పెట్టింది.

“ఉండాల్సిన దానికంటే నాలుగు గ్రాములు తక్కువుందే. యాడ కొన్నావు? నీకు డూప్లికేట్ అంటగట్టినారు.”

రాధిక ముఖం మాడిపోయింది. “పోయినేడాది మా యమ్మ ఈ కమ్మలు మీ అంగట్లోనే కొనింది. మేమేమన్నా బయట తూకమేసి సూసినామా?” అంటూ చెవుల కమ్మలు తీసి, ఆల్బమ్ పక్కకు నెట్టి, కాటా మీద పెట్టింది.

“బిల్లులో ఎన్ని గ్రాములే?” అని నవ్వుతూ వంగింది చందన.

“ఎనిమిది.”

అంకెలు నిలబడేలోగా, అంతసేపూ పక్కనే పేపర్లోంచి తల ఎత్తని నాన్న చెయ్యి చాచి కాటా స్విచ్ ఆపేశాడు.