బాణం గుర్తున్నవే అసలువట

మా మామగారికి సర్దడమంటే పిచ్చి. బయటికి బయలుదేరినవారు గడప దగ్గర చెప్పు ఒకటి వంకరగా ఉందని వెనక్కి వచ్చి, దాన్ని సరిచేసి, ఆ చెప్పు ఎవరిదో కనుక్కుని నాలుగు తిట్టి మరీ వెళ్తారు. ఇళ్ళ ప్లాన్లు గీసే చిన్న ఆఫీసులో మేనేజరాయన. ఇంజనీరుగారు, ఈయన, బొమ్మలు గీసే ఒక అమ్మాయి, అంతే సిబ్బంది. వచ్చేపోయే మేస్త్రీలు ఈయన్ని చాటుగా ‘చీపురాయన’ అంటారట. ఆ పేరు పెట్టినవాళ్ళ నోట్లో పంచదార పొయ్యాలి.

కంప్యూటర్ వచ్చాక ఆ చీపురుకి కొత్త నేల దొరికింది. తెర మీద రెండు విండోలు తెరిచి ఉంటే ఆయనకి ఒళ్ళు మండిపోతుంది. ఆ అమ్మాయేమో పాత ప్లాను ఒక విండోలో, కొత్తది ఇంకో విండోలో పెట్టుకుని, చూపు తిప్పినంత తేలిగ్గా ఇటునుంచి అటు మారుస్తూ గీస్తుంది. “ముందు అది మూసెయ్! తర్వాత ఇది తెరువు! రెండు పడవల మీద కాళ్ళేమిటి?” అని ఈయన వెనక నిలబడి అరుపులు. ఆ అరుపులన్నీ ఆమె సాయంత్రం నాకు ఫోన్‌లో చెప్పి నవ్వేది. “అక్కా, ఇవాళ మూసెయ్‌లు ఎన్నో లెక్క తప్పాను” అనేది. భర్త వదిలేసిన మనిషి. చిన్న కూతురితో ఒక్క అద్దె గదిలో ఉంటుంది. ఈ ఉద్యోగం పోతే ఆ గదీ పోతుంది. అది మామగారికీ తెలుసు.

గీసిన ప్రతి ప్లానూ ఈయన ల్యాప్‌టాప్‌లోకే చేరాలి, ఆమె కంప్యూటర్‌లో ఉన్నది చెరిపేయాలి. వస్తువు ఒక్క చోటే ఉండాలని ఈయన శాసనం. చేరాక మళ్ళీ వెతుక్కోవడం చేతకాదు. ఫోల్డర్‌లో ఫోల్డర్ తెరుచుకుంటూ పోయి, ఎక్కడున్నారో తెలియక కేకలు. పాపం, ఆ అమ్మాయే ఒక ఉపాయం చేసిపెట్టింది. ఒక్కో ప్లానుకీ తెర మీద ఒక బొమ్మ పెట్టింది, మూలన చిన్న బాణం గుర్తుతో. దాన్ని నొక్కితే చాలు, లోపలెక్కడో ఉన్న అసలు ప్లాను తెరుచుకుంటుంది. ఆమె చేసిన మేలే ఆమె కొంప ముంచింది.

ఒక సెలవు రోజున మామగారు ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టుకున్నారు. బాణాల బొమ్మలన్నీ ఒక ఫోల్డర్‌లోకి చేర్చి దానికి తన పేరు పెట్టారు. తర్వాత లోపల వెతికితే అవే పేర్లతో ఇంకో వరస కనిపించింది. ఇంకేముంది, పూనకం! బాణం లేనివన్నీ చెరపడం మొదలుపెట్టారు. “ఒకే పేరుతో రెండేసి! చూశావా ఆ పిల్ల చేసిన చెత్త!”

నేను చేతిలో గరిటెతోనే పరుగెత్తాను. “మామయ్యగారూ, ఆగండి! బాణం ఉన్నవి వట్టి దారులు. మీరు తీసేస్తున్నవే అసలువి!”

“గుర్తు వేసి ఉన్నవి అసలువి కాక, గుర్తు లేనివి అసలువా? పో, కూర మాడుతోంది చూసుకో.”

నేను ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేస్తే తోసేశారు. తెర మీది చెత్తబుట్ట నిండి ఉండటం కూడా ఆయన చూడలేరు కదా, అదీ ఖాళీ చేసి, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నారు. కూర బాగుందన్నారు కూడా.

మర్నాడు ఆఫీసులో ఏ బాణం నొక్కినా ఏదీ తెరుచుకోలేదు. “ఆ అమ్మాయి విండోలు అటూ ఇటూ తిప్పుతూ అన్నీ చెరిపేసింది” అని మామగారు తొణక్కుండా చెప్పారు. తన చేతులతో గీసిన ప్లాన్లు తానే పోగొట్టిందట! మధ్యాహ్నానికల్లా ఆమెను పంపించేశారు.

ఆ సంగతి నా చెవిన పడింది. తిన్నగా ఇంజనీరుగారి దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ ఆయన మామగారి ల్యాప్‌టాప్‌లోనే ఒక విండోలోంచి ఇంకో విండోలోకి మారుతూనే ఉన్నాడు.

“తెలుసమ్మా” అన్నాడు చివరికి. “చెరిపింది సెలవు రోజున అని ఇందులోనే ఉంది. కానీ మా నాన్నగారి కాలం నుంచీ ఉన్న మనిషిని ఈ వయసులో ఏమంటాం? ఆ అమ్మాయికేం, ఎక్కడో ఒకచోట దొరుకుతుందిలే. అన్నట్టు, నీకు డ్రాయింగ్ వచ్చటగా? మీ మామగారితో మాట్లాడాను. రేపటి నుంచి వచ్చెయ్.”

“ఛీ, ఆ కుర్చీలో నేను కూర్చోను” అన్నాను.

“ఆయన సరేనన్నారమ్మా” అని మళ్ళీ తెర వైపు తిరిగాడు, నా మాటకి అసలు లెక్కే లేనట్టు.

అక్కడి నుంచే ఆమె గదికి వెళ్ళాను. తప్పు నీది కాదని ఇంజనీరుగారికీ తెలుసు, నేను ఆ ఉద్యోగంలో చేరను, ఈ రెండు ముక్కలూ చెబుదామని. ఆమె తలుపు సగమే తీసింది. వెనక మంచం మీద గిన్నెలు, బట్టలు మూటలు కట్టి ఉన్నాయి.

“ఇంజనీరుగారు ఫోన్ చేశారు, నా కుర్చీలోకి మీరే వస్తున్నారట. నా కంప్యూటర్ పాస్‌వర్డ్ కోసమేగా వచ్చారు మేడమ్?”

అక్కా అనే పిల్ల మేడమ్ అంటోంది.

“మా పాప పేరే. మార్చేసుకోండి” అని తలుపు వేసేసింది.

దబదబా బాదాను. “కాదమ్మా, నా మాట విను!” అని అరిచాను. లోపల పాప “ఎవరమ్మా?” అని అడగడం వినిపించింది.

“ఎవరూ లేరు” అంది ఆమె.