పాత పుస్తకంలోని మోతాదు

బిటర్‌రూట్ లోయలో వేటకాలానికి ముందు వచ్చే సెప్టెంబరు పొడిగా, వెచ్చగా ఉంటుంది. ఏటా ఆ నెలలోనే వెర్లిన్ టాలెఫ్‌సన్ తన గ్యారేజీలోని బల్లమీది దుమ్ము దులిపి, తూటాలు నింపడానికి కూర్చునేవాడు. ఒకసారి పేలిన ఇత్తడి గొట్టాలను పారవేయక, శుభ్రపరచి, అడుగున నిప్పు పుట్టించే కొత్త ప్రైమరు అమర్చి, తుపాకిమందు తూచి పోసి, కొనకు గుండు బిగించి మళ్లీ తూటాలు చేసుకోవడం ఆ లోయలో చాలామందికి అలవాటే. కాని కలపమిల్లులో జీవితమంతా రంపాల పళ్లకు పదును పెట్టిన వెర్లిన్ ఆ పనిని ఒక నోములాగా చేసేవాడు. బల్లమీద ఒకే మందు డబ్బా ఉండాలి. రేడియో మోగకూడదు. తూచే వేళ ఎవరూ నోరు విప్పకూడదు. ఈ చివరి నియమం ఎమ్మెట్ క్రోలీ వాగుడు భరించలేక పెట్టుకున్నది.

ఎమ్మెట్ అతని పొరుగువాడు, వేటలో జతగాడు. ఆ ఏడు ఏప్రిల్‌లో కట్టెలు చీల్చుతూ చీల్చుతూ, గొడ్డలి దుంగలో ఉండగానే, గుండె ఆగి పోయాడు. అతడు కూర్చునే పొడవుకాళ్ల స్టూలు బల్లకు రెండవ పక్కన అలాగే ఉన్నది.

తూటాలో మందు కంటికి తోచినంత పోసేది కాదు. ఏ గుండుకు ఏ మందు ఎంత తూకంతో మొదలుపెట్టాలో, ఎంత దాటకూడదో చెప్పే పుస్తకం ఒకటి ఉంటుంది. పడుచుతనంలో ఆ పుస్తకాన్ని స్నేహితులిద్దరూ కలిసి కొన్నారు. దాని అట్టలు ఎప్పుడో ఊడిపోగా బూటు తాడుతో కట్టి ఉంచారు. అందులో ఒక పుటలో, అట్టడుగు వరుసలోని, అన్నిటికంటె ఎక్కువైన అంకె చుట్టూ, ఎమ్మెట్ ఎర్ర పెన్సిలుతో సున్న చుట్టాడు. ఒక వేసవి అంతా పేల్చి పేల్చి కనుగొన్న మోతాదు అది. అటుపిమ్మట ఆ పుట తిప్పవలసిన అవసరం వారికి కలగలేదు.

ఆగస్టు చివర ఎమ్మెట్ భార్య అయోన్ కంచె దాటి వచ్చింది.

"ఈ ఏడు ఎల్క్ దుప్పి వేటకి పర్మిట్టు నేనే తీసుకున్నా వెర్లిన్. మా ఆయన రైఫిలుతో నేనే పోతా కొండకి. అంత్యక్రియలప్పుడు జనం వండి తెచ్చిపెట్టిన క్యాసరోల్ గిన్నెలే ఇంకా ఖాళీ చేస్తున్నా. ఫ్రీజర్లో మాంసమన్నది లేదు."

"తూటాలు నేను చేసిపెడతాలే."

"ఆయన వాడినవే చెయ్యి. వేరేవి నాకొద్దు."

"వాడివే చేస్తా," అని వెర్లిన్ మాట ఇచ్చాడు.

పాత డబ్బాలో మందు అడుగంటింది. ఊళ్లో ఓటిస్ దుకాణానికి వెళ్లి అదే పేరుగల కొత్త డబ్బా అడిగాడు. ఓటిస్ డబ్బాతోబాటు ఒక లావుపాటి పుస్తకం కూడా ముందు పెట్టాడు.

"ఇదెందుకు?"

"కొత్త కూర్పు వచ్చింది పెద్దాయనా. నీ పుస్తకం మ్యూజియంలో పెట్టాల్సిన సరుకు."

"నా పుస్తకానికేం రోగం?"

"పుస్తకానికి కాదు. డబ్బా మీద పేరు అదే, లోపల సరుకు అదే అని ఎవరన్నారు నీకు? ఫ్యాక్టరీ మారింది. మోతాదు తగ్గించారు, ఇదిగో చూడు."

వెర్లిన్ కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. ఎమ్మెట్ సున్న చుట్టిన అంకె ఆ పుటలో లేనేలేదు. దానికంటె బాగా తక్కువ తూకం దగ్గరే అంకెలు ముగిశాయి.

"ఇది వకీళ్లు రాసిన పుస్తకం రా. ఎవడో దావా వేస్తాడని భయం. మేం ఇన్నేళ్లూ పేల్చాం. ఇదిగో, మిల్లులో పనిచేసి కూడా వేళ్లన్నీ ఉన్నాయి, లెక్కపెట్టుకో."

"వేళ్లు నీవి. తూటాలెవరికి?"

వెర్లిన్ డబ్బా ఒక్కటే తీసుకుని వచ్చేశాడు.

కొత్త డబ్బా తెరిచినప్పుడు పాత మోతాదుకు పోరాదని, కింది నుంచి కొద్దికొద్దిగా పెంచుతూ ఒక్కొక్క మెట్టు పేల్చి చూడాలని ఆ లోయలో ఎందరికో నేర్పినవాడు వెర్లినే. ఆనాడు ఆ నియమం అతనికి గుర్తు లేకపోలేదు. కాని ఆ మోతాదును పరీక్షకు పెట్టడం ఎమ్మెట్‌నే పరీక్షకు పెట్టడమని తోచింది. బతికి ఉన్నవాడయితే కొట్లాడి, తిట్టి, చివరకు నవ్వి ఒప్పుకునేవాడు. నోరు లేనివాణ్ణి తప్పుపట్టడం ఏ మర్యాద? బూటు తాడు విప్పి, ఎర్ర సున్న దగ్గర పుస్తకం తెరిచి, అయోన్‌కు ఒక పెట్టె నిండా తూటాలు నింపాడు.

గురి సరిచూసి ఇద్దామని మరునాటి మధ్యాహ్నం వెర్లిన్ ఎమ్మెట్ రైఫిలు తీసుకుని, ఊరివాళ్లు గురి చూసుకునే కంకర గుంటకు వెళ్లాడు. మొదటి దెబ్బకు రైఫిలు భుజాన్ని ఎరగనిదానివలె తన్నింది. పేలిన గొట్టాన్ని బయటికి లాగే బోల్టు పిడి పైకి లేవలేదు. అరచేతి మడమతో గట్టిగా కొట్టగా కొట్టగా తెరుచుకున్నది. బయటపడిన గొట్టం అడుగున ప్రైమరు, మితిమీరిన ఒత్తిడికి, నాణెంలాగా చదునై ఉన్నది. రైఫిలులో తూటా కూర్చునే గదిలో మడ్డి పేరుకున్నదేమోనని తుడిచాడు. ఎండకు తూటాలు వేడెక్కాయేమోనని పెట్టెను నీడలో పెట్టి చాలాసేపు ఆగాడు. ఇవన్నీ సాకులని అతనికి తెలుసు. అయినా రెండవది పేల్చాడు.

ఈసారి చెంపకు వేడి ఆవిరి కొట్టింది. ప్రైమరు చిల్లిపడి, మందు మంట వెనక్కు తన్నింది. వెర్లిన్ కళ్లద్దాలు తీసి చూస్తే కుడి అద్దం మీద సన్నని నల్లచుక్కలు చల్లినట్లున్నాయి.

అయోన్‌కు కళ్లద్దాల అలవాటు లేదు.

అతడు కంకరమీద కూర్చుండిపోయాడు. ఎమ్మెట్ పొరబడలేదు, ఎమ్మెట్ తూచిన మందు ఇప్పుడు లోకంలో లేదు. ఆ రెండు సంగతులూ ఒకదానికొకటి అడ్డురావని తెలుసుకోవడానికి అతనికి ఒక చెంప కాలవలసి వచ్చింది.

తిన్నగా ఓటిస్ దుకాణానికి పోయి పుస్తకం అడిగాడు. ఓటిస్ ఏదో ఎకసెక్కం ఆడబోయి, ఆ చెంప చూసి, మాట మింగి, పుస్తకం సంచిలో పెట్టి ఇచ్చాడు.

అయోన్ పెరట్లో ఉల్లిగడ్డలు పీకుతున్నది. వెర్లిన్ టోపీ తీసి చేత పట్టుకుని నిలిచాడు.

"నీకు చేసిన తూటాలు ఇవ్వనమ్మా."

"మొహానికేమయింది?"

"ఎమ్మెట్ మోతాదు పేలిస్తే అయింది. కొత్త మందుకి అది పనికిరాదు. తెలిసీ పోశా."

అయోన్ చేతులమట్టి దులుపుకుని అతని గడ్డం పట్టి, వెలుతురుకు తిప్పి చూసింది.

"ఆయనవే కావాలన్నానుగానీ, ఆయన దగ్గరికే పంపమన్నానా? కొత్త పుస్తకం ప్రకారం చేస్తే ఎల్క్ పడదా?"

"పడుతుంది. వాడు కొట్టినంత దూరం నుంచి మాత్రం కొట్టకు. దగ్గరికి రానిచ్చి కొట్టాలి."

"ఒకచోట కుదురుగా కూచోడం చేతకాకే ఆయన దూరం నుంచి కొట్టేవాడు. నేను కూచోగలను. ఆయనతో ఇన్నేళ్లు కూచోలేదూ?"

వెర్లిన్ నవ్వబోయాడు, చెంప మండి నవ్వు ఆగిపోయింది.

ఆ సాయంత్రమే ఇద్దరూ గ్యారేజీలో తూటాలు విప్పారు. ప్లాస్టిక్ సుత్తివంటి పనిముట్టులో తూటాను తలకిందులుగా బిగించి దిమ్మెమీద కొడితే గుండూ మందూ ఊడి పడతాయి. అయోన్ ఎమ్మెట్ స్టూలుమీద కూర్చుని, పెట్టె ఖాళీ అయ్యేదాకా ఒక్కొక్కటే కొట్టింది. రాలిన మందును ఆమె ఒక గిన్నెలో పట్టుకుపోయి, గడ్డికి ఎరువవుతుందని పెరటిలో చల్లి వచ్చింది.

వెర్లిన్ పాత పుస్తకాన్ని బూటు తాడుతో కట్టి పై అరలో పెట్టాడు. కొత్తది తెరిచి, అన్నిటికంటె తక్కువ తూకం ఉన్న వరుసమీద వేలు పెట్టి, త్రాసు ముందుకు లాగాడు. అయోన్ ఏదో అనబోయింది. అతడు చూపుడువేలు ఎత్తాడు.

"ఆయన్ని కూడా ఇట్లాగే నోరు మూయించేవాడివా?"

అతడు త్రాసు ముల్లు మీంచి చూపు తిప్పకుండా మందు పోశాడు.

ఆదివారంనాడు కంకర గుంటలో అయోన్ మొదటిది పేల్చింది. కళ్లకు వెర్లిన్ ఇచ్చిన కొత్త రక్షణ అద్దాలున్నాయి. అతడు ఆమె పక్కనే మోకాలిమీద కూర్చుని, గురి తగిలిందో లేదో చూడలేదు, బోల్టువంక చూశాడు. ఆమె రెండు వేళ్లతో ఎత్తగానే అది జారి తెరుచుకున్నది. వెచ్చని ఇత్తడి గొట్టం అతని అరచేతిలో పడింది.

"అంతేనా?" అన్నది అయోన్.

"అంతే," అని వెర్లిన్ దానిని తిప్పి, అడుగున ప్రైమరు చదును కాలేదని చూసి, చొక్కా జేబులో వేసుకున్నాడు.