మజ్జిగలా పంచిన యాసిడ్

ఆ రోజుల్లో నాకు తెలియని విద్యంటూ లేదని నేనొక్కణ్ణే గట్టిగా నమ్మేవాణ్ణి. పుంగనూరులో మామ బ్యాటరీల అంగడిలో ఆరు నెలలు డిస్టిల్డ్ వాటర్ పోసిన అనుభవం మరి! (పోసినదానికంటే ఒలకబోసిందే ఎక్కువని అత్త అనేది.) ఒకరోజు మామ, "కుప్పంలో కంప్యూటర్ సెంటరుకు పోయి, కరెంటు పోతే కంప్యూటర్లు నడిపే పది బ్యాటరీలూ ఒక సమానానికి తెచ్చి రాప్పా. బాగా చేసినావంటే ఆడ పెట్టబోయే కొత్త అంగడి నీదే" అన్నాడు. కొత్త పంట్లాం వేసుకుని బస్సెక్కాను.

ఒక్కో బ్యాటరీలో ఆరు సెల్లుల లెక్కన మొత్తం అరవై. యాసిడ్ బలం చూసే గాజుగొట్టం ముంచి, ఒక్కోదాని అంకె కాగితం మీద రాసుకున్నాను. తొమ్మిది బ్యాటరీలు బాగున్నాయి, కిటికీ పక్కది మాత్రం నీరసంగా ఉంది. దాన్ని విడిగా ఛార్జికి పెట్టాలని మామ చెప్పే ఉంటాడు, నేను వినుండను. నాకు మా అమ్మ అందరి గ్లాసుల్లోనూ మజ్జిగ సరిచేసే పద్ధతి గుర్తొచ్చింది. బలమున్న సెల్లుల్లోంచి యాసిడ్ కాస్త కాస్త పీల్చి నీరసపువాటిలో పోశాను, వాటి పల్చటి నీళ్లు వీటిలో పోశాను. సాయంత్రానికి అరవైచోట్లా ఒకే అంకె! సెంటరు నడిపే అక్కను పిలిచి గర్వంగా చూపిస్తే కాఫీ ఇప్పించింది. అది సగం తాగేలోపు కరెంటు పోయింది. ఐదు నిమిషాలకు కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

"ఏమప్పా, నిన్నటిదాకా అరగంటన్నా వస్తా ఉండె కదా! ఎల్లుండి పిల్లోళ్లకు పరీక్ష ఉండాది" అంది అక్క. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఫోన్ చేస్తే మర్నాడు పొద్దున మొదటి బస్సుకే మామ దిగాడు. అంతా విని, "ఆకలైనోడికి పక్కోడి చొక్కా తొడిగితే కడుపు నిండుతుందా? దానికి కావాల్సింది ఛార్జిరా, యాసిడ్ కాదు. బాగుండేవాటి బలం కూడా తీసేసినావు" అన్నాడు. యాడ నుంచి ఎంత తీసి యాడ పోశానో దాచకుండా రాసిపెట్టడం ఒక్కటే నేను చేసిన మంచిపని. ఆ కాగితం పట్టుకుని ఇద్దరం యాసిడ్ సరిచేసి, నీరసపుదాన్ని విడిగా, తర్వాత అన్నిటినీ కలిపి ఛార్జి చేశాం. పరీక్ష గట్టెక్కింది. నా అంగడి మాత్రం పోయిందనుకున్నాను.

పుంగనూరు వచ్చాక పంట్లాం ఉతికిన అత్త, "ఇది పంట్లామా, జల్లెడా?" అని అరిచింది. యాసిడ్ చుక్క పడిన ప్రతిచోటా బొక్కే. మామ దాన్ని ఎండకెత్తి చూసి పగలబడి నవ్వాడు.

"కుప్పం అంగడి నీకేలేరా. ఈ పంట్లాంతో ఇంక వేరే ఉద్యోగానికి యాడ పోతావు?"

ఆ పంట్లాం గుడ్డ ఇప్పటికీ నా అంగడిలో ఉంది. బ్యాటరీలు తుడుస్తుంటే అప్పుడప్పుడు వేలు బొక్కలోంచి బయటికొస్తుంది. మజ్జిగలా యాసిడ్ పంచిన ఆ కుర్రాడి మీద నాకు కోపం రాదు. అంత ధైర్యం మళ్లీ ఎన్నడూ రాలేదే అని కాస్త బెంగ మాత్రం ఉంది.