సగం ఖుషీ, సగం భయం

మా పక్కింటి చాచా మొన్న శుక్రవారం పొద్దుగాల పోయిండు. ఆర్మూర్ యార్డుల ముప్పై ఏండ్లు పసుపు నాణ్యం చూసిన మనిషి. కబురు అందినప్పుడు నా ఒళ్లో వాక్యం, అదే బైబిల్, తెరిచే ఉన్నది. మూసేసిన. అప్పటిసంది ఏ పేజీ తెరిచినా మనసు నిలుస్తలేదు. అందుకే ప్రసంగం బదులు మీకు గిది రాస్తున్న.

రాశి ముందట కూసొని ఒక పసుపు కొమ్ము తీసేటోడు. పటుక్కున ఇరిచి లోపలి రంగు, వాసన చూసి, ముక్కలు రెండూ మళ్ల రైతు రాశిమీదనే పెట్టేటోడు. "పైమెరుగు పాలిష్ డ్రమ్ముది బేటా, అసలు రంగు లోపల్నే" అనేటోడు.

మనోడొకడు రష్యావాళ్ల రాకెట్ల అంతరిక్షానికి పోయిన రోజు చాచా యార్డంత తిరిగి పేడాలు పంచిండు. నాకది పడలేదు. బైబిల్ల ఆకాశానికి అంటాలని బాబెలు గోపురం కట్టినోళ్లు తమ పేరు కోసం కట్టిన్రు, రాకెట్లు సుత గంతే అని యార్డు గేటుకాడ ప్రసంగాలల్ల గొంతు చించుకునేటోణ్ని. కొన్నేండ్లకు మన రాకెట్ ఒకటి సముద్రంల పడ్డది. తెల్లారి నేను రెచ్చిపోయిన. గర్వం కూలిందన్న. జనం నవ్విన్రు. చాచా పని ఆపి వచ్చిండు.

"పడ్డదానికి నువ్వెందుకు గింత ఖుష్ అయితున్నవ్ బేటా? గది చేసినోళ్లు ఇయ్యాల అన్నం తిన్నరో లేదో."

అందరి ముందట నాకు తల కొట్టేసినట్టయింది. "మరి ఆనాడు పేడాలు దేశం కోసం పంచినవా చాచా, నలుగురు చూడాలని పంచినవా?" అన్న.

"మొన్న క్రికెట్ల మనోళ్లు గెలిస్తే పంచలే మరి" అని ఒక హమాలి నవ్విండు.

చాచా తన పచ్చటి గోర్లు చూసుకున్నడు. "సగం ఖుషీ బేటా. సగం భయం. పంచకపోతే ఏమంటరో అని. నీకు తెల్వదా గా భయం? నువ్వు సుత వేరే దేవుణ్ని మొక్కెటోనివే గద."

నాకు తెల్సు. తెలిసే అడిగిన.

పడ్డోళ్లను చూసి సంబరపడే ప్రసంగం ఆ రోజుతోని మానేసిన. అది ఆయన పెట్టిన భిక్ష. కానీ తొంభైలల్ల మన రాకెట్ మంచిగ పైకి పోయిందని రేడియోల చెప్పంగనే యార్డంత చాచా దిక్కు చూసింది. ఆయన తలెత్తలే. కొమ్ములు ఇరుచుకుంట కూసున్నడు. ఆ సగం ఖుషీని సుత నేనే గుంజుకున్న. మాఫీ అడుగుదామని ఎన్నిసార్లు పోయిన్నో. చాయ్ తాగి వచ్చేటోణ్ని. పక్కింట్లనే ఉన్నడు గద, రేపు అడుగుదాం అనుకున్న.

ఖబరస్తాన్‌ల ఒక్కొక్కరు మూడు పిడికిళ్ల మట్టి వేస్తరు. నేనూ వరుసల నిలబడ్డ. "వాక్యం చెప్పే సారు సుత వచ్చిండు" అని ఎవరో మెల్లగ అన్నరు. మొదటి పిడికిలి వేసిన, రెండోది వేసిన. మూడోది పట్టుకున్నంక, ఇది చాచా కోసమా, ఆ మాట అన్నోళ్ల కోసమా అని చెయ్యి ఆగింది. వెనుక మనుషులు ఎదురుచూస్తున్నరు. మట్టి నా వేళ్ల సందుల నుంచి కొంచెం కొంచెం రాలుతున్నది.